ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు మీరు రాసిచ్చే ఉత్తరాల గురించి: అమెరికాలోని తెలుగు సంఘాలకు, గుడి కమిటీలకు బహిరంగ లేఖ

సంఘాల కార్యవర్గ సభ్యులకు, గుడి కమిటీల పెద్దలకు నమస్కారం.

మనవాళ్లెవరైనా అరెస్టయితే అర్ధరాత్రయినా మీ ఫోన్లే మోగుతాయి. లాయర్‌ని మీరే వెతికిపెడతారు, బెయిలుకు చందాలు పోగుచేస్తారు, ఊళ్లో అమ్మానాన్నలకు ధైర్యం చెబుతారు. ఇందులో వంక పెట్టేదేమీ లేదు. చిక్కంతా ఆ తర్వాతే. జడ్జి జైలు వేయకుండా ప్రొబేషన్ ఇచ్చాడనగానే ‘హమ్మయ్య, కేసు అయిపోయింది’ అని ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోతాం. కేసు అయిపోలేదు. ఏడాదో, మూడేళ్లో, టెక్సస్‌లో అయితే ఒక్కోసారి పదేళ్లో ఆ మనిషికి జైలు తలుపు ఓరగా తెరిచే ఉంటుంది. ఆ రోజుల్లో మీరు మంచి మనసుతో చేసే కొన్ని పనులే అతన్ని ఆ తలుపులోంచి లోపలికి తోస్తున్నాయి.

మొదట మీ లెటర్‌హెడ్ సంగతి.

కమ్యూనిటీ సర్వీస్ 80 గంటలు చేయమని కోర్టు చెప్పింది. గడువు పది రోజుల్లో పడింది, చేసినవి 12 గంటలే. కుర్రాడు గుడికొచ్చి ‘అన్నా, కాస్త రాసిపెట్టండి’ అంటాడు. పాపం అనిపించి సంతకం పెడతారు. ఆ కాగితం ప్రొబేషన్ ఆఫీసర్ బల్ల మీదికి చేరాక ఏం జరుగుతుందో చూడండి. పదిహేడు తేదీలూ ఒకే పెన్నుతో, ఒకే ఒరవడిలో ఉన్నాయి. మంగళవారం ఉదయం పది నుంచి రెండు దాకా సేవ అని ఉంది. అదే మంగళవారం అదే వేళ ఆఫీసులో పనిచేసినట్టు జీతం స్లిప్పు అప్పటికే ఫైల్లో ఉంది. ఆఫీసర్ కింద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తాడు. అవతల ఎత్తినవారికి ఆ కుర్రాడి పేరే తెలియదు.

గంటలు తక్కువపడ్డాయని నిజం చెప్పి ఉంటే మామూలుగా గడువు పొడిగింపు అడిగేవాళ్లు, చాలాసార్లు దొరికేది కూడా. దొంగ కాగితంతో సంగతి వేరు. ఆఫీసర్‌కు నిజమే చెప్పాలన్న షరతు విరిగింది. పైగా కొత్త నేరం. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కేసులో అబద్ధపు వాంగ్మూలానికి ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. సంతకం పెట్టినవారిని ఆ సెక్షన్ వదిలిపెట్టదు.

సరైన పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. మొదటి గంట మొదలయ్యే ముందే మీ సంస్థను ఆఫీసర్ ఒప్పుకోవాలి. లాభాపేక్ష లేని సంస్థ అని చూపే ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) ఉత్తరం అడుగుతారు, ఒక ప్రతి సిద్ధంగా ఉంచుకోండి. పట్టికలో తేదీ, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, చేసిన పని, దగ్గరుండి చూసినవారి పేరు, ఫోన్ నంబరు, సంతకం ఉండాలి. ఏ రోజు సంతకం ఆ రోజే. బావమరిదో పెదనాన్నో కమిటీలో ఉంటే సంతకం వాళ్లది కాకూడదు. కుంకుమార్చనలో కూర్చోవడం సేవ లెక్కలోకి రాదు. గిన్నెలు తోమడం, చెప్పుల స్టాండు చూసుకోవడం, పార్కింగులో నిలబడటం వస్తాయి. ఇంటి నుంచి గుడికి వచ్చిన సమయం కలపకండి. తప్పు పడితే వైట్‌నర్ పూయకుండా అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన పొడి సంతకం పెట్టండి.

ఇక ఈ షరతుల చట్రం గురించి. ప్రొబేషన్ అంటే జైలుకు బదులు బయటే ఉంచి కనిపెట్టుకోవడం. సూపర్‌వైజ్డ్ రిలీజ్ అంటే ఫెడరల్ జైలు శిక్ష పూర్తయ్యాక దానికి తోకలా వచ్చే పర్యవేక్షణ. 1984 చట్టంతో ఫెడరల్ పెరోల్‌కు (శిక్షాకాలం పూర్తికాకముందే షరతులతో విడుదల చేయడానికి) స్వస్తి చెప్పి దీన్ని తెచ్చారు, 1987 నవంబర్ నుంచి అమల్లో ఉంది. ‘శిక్ష అనుభవించేశాడుగా, ఇంకేంటి’ అనేవాళ్లకు ఈ తేడా తెలియదు. రెండింటికీ షరతులు దాదాపు ఒక్కటే. జైలు నుంచి విడుదలైన 72 గంటల్లో ప్రొబేషన్ ఆఫీసులో కనబడాలి. ఇల్లు మారాలంటే కనీసం 10 రోజుల ముందు చెప్పాలి. మినహాయింపు లేకపోతే వారానికి కనీసం 30 గంటలు పనిచేయాలి. పోలీసులు అరెస్టు చేసినా, ఆపి ప్రశ్నించినా 72 గంటల్లో తెలపాలి. రోడ్డు మీద స్పీడింగ్ టికెట్ ఇచ్చారనుకోండి, అది ఈ లెక్కలోకి వస్తుందో రాదో అని తర్కించుకునే బదులు ఒక మెయిల్ పెట్టేస్తే పోతుంది.

మనవాళ్లు ఎక్కువగా జారిపడేది అనుమతి లేకుండా డిస్ట్రిక్ట్ దాటకూడదన్న షరతు దగ్గర. ఫెడరల్ కేసులో డిస్ట్రిక్ట్ అంటే కోర్టు పరిధి. రాష్ట్రమూ కాదు, ఊరూ కాదు. ఫ్రిస్కో, ప్లేనో టెక్సస్ ఈస్టర్న్ డిస్ట్రిక్ట్‌లోకి వస్తాయి. ఇర్వింగ్, డాలస్ నార్తర్న్ డిస్ట్రిక్ట్. ఫ్రిస్కోలో ఇల్లు, ఇర్వింగ్‌లో ఉద్యోగం ఉన్నవాడు రోజూ హద్దు దాటుతున్నట్టే. ఎడిసన్‌లో ఉన్నాయన ఆదివారం న్యూయార్క్‌లోని ఫ్లషింగ్ గణపతి గుడికి వెళ్తే న్యూజెర్సీ డిస్ట్రిక్ట్ దాటినట్టే. పనికీ గుడికీ రోజూ తిరిగే దారికి అనుమతి మామూలుగా ఇస్తారు. అడిగి, రాతపూర్వకంగా తీసుకోవాలి, అంతే. ఈ సంగతి తెలియక మీరు మహాసభలకు వాలంటీరుగా పిలిచి, విమానం టికెట్ కొనిచ్చి, స్టేజీ మీది ఫొటోలో ట్యాగ్ చేసి ఫేస్‌బుక్‌లో పెడతారు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇండియా ప్రయాణానికైతే రెండు తాళాలు. ఒకటి కోర్టుది. అది తెరుచుకున్నంత మాత్రాన ఇమిగ్రేషన్ తాళం తెరుచుకోదు. డీయూఐ (తాగి బండి నడపడం) అరెస్టు మీదే స్టాంపింగ్ వీసా రద్దు చేసే పద్ధతి 2015 నుంచి ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నా, కొన్ని రకాల నేరాలుంటే తిరిగొచ్చేటప్పుడు కొత్తగా ప్రవేశం అడుగుతున్నవాడిలాగే చూస్తారు. అందుకని ‘జడ్జిగారు ఒప్పుకున్నారట, వెళ్లిరా’ అని సలహా ఇచ్చే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడమనండి. ‘మొత్తానికి ఇండియా వెళ్లిపో, వాళ్లేం చేస్తారు’ అనేది ఇంకా చెడ్డ సలహా. వారంట్ అలాగే ఉంటుంది. పదేళ్ల తర్వాత కూతురి గ్రాడ్యుయేషన్‌కని దిగిన విమానాశ్రయంలోనే అది ఎదురవుతుంది.

రాజీ పంచాయతీల గురించి కాస్త గట్టిగా చెప్పాలి. భార్యాభర్తల గొడవ కేసుల్లో జడ్జి భర్తను భార్య జోలికి వెళ్లొద్దన్నాడనుకోండి. ఆ ఉత్తర్వు కట్టిపడేసేది భర్తను. ‘ఆమే ఫోన్ చేసింది కదా’ అనేది జవాబు కాదు. ఆమె రమ్మన్నా అతను వెళ్లకూడదు, ఆమె మెసేజ్ పెట్టినా జవాబివ్వకూడదు. మనిషి ద్వారా కబురు పంపినా అది సంప్రదించినట్టే అని చాలా ఉత్తర్వుల్లో రాసి ఉంటుంది. మీరు పెద్దమనుషులుగా కూర్చుని ఇద్దర్నీ ఒకే కాన్ఫరెన్స్ కాల్‌లోకి తెచ్చారంటే ఆ ఉల్లంఘన మీ చేతులమీదుగా జరిగినట్టు. ఇద్దరూ ఉన్న ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అతను పెట్టిన ‘హ్యాపీ ఉగాది’ కూడా ప్రశ్నకు వస్తుంది. పౌరులు కానివాళ్లకు ఇందులో ఇంకో గుదిబండ ఉంది. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించినట్టు కోర్టు తేల్చిందంటే, దాని మీదే దేశం నుంచి పంపేయవచ్చు. కలవాలని ఇద్దరికీ ఉంటే లాయర్ ద్వారా ఉత్తర్వు సవరణకు దరఖాస్తు పెట్టాలి. అది వచ్చాకే మీ పెద్దరికం.

వంటింటి దగ్గరికి వద్దాం. ఫెడరల్ పర్యవేక్షణలో విడుదలైన 15 రోజుల్లోపు ఒక మూత్ర పరీక్ష, ఆపైన కనీసం రెండు చేయాలని చట్టంలోనే ఉంది. గసగసాల్లో మార్ఫిన్, కోడిన్ ఆనవాళ్లుంటాయి. నాటుకోడి మసాలాలోకి రెండు చెంచాల గసగసాలు నూరి వేస్తే పరీక్షలో అవి బయటపడొచ్చు. ఉద్యోగుల పరీక్షల్లో ఫెడరల్ ప్రభుత్వం 1998లో హద్దును 300 నుంచి 2000 నానోగ్రాములకు పెంచడానికి ముఖ్య కారణం ఈ గింజలే. ప్రొబేషన్ పరీక్షలు చేసే ల్యాబులన్నీ అదే హద్దు పాటించాలని లేదు. గసగసాలు తినబోమని ముందే సంతకం పెట్టించుకునే చోట్లూ ఉన్నాయి. ఆ సంతకం అయ్యాక ‘కూరలో వేశారని తెలియదు’ అంటే వినేవాడు ఉండడు. అన్నదానం వండేటప్పుడు ఒక్క చీటీ అంటించండి: ‘ఇందులో గసగసాలు ఉన్నాయి’.

మద్యం తాగకూడదన్న షరతు ఉంటే ఈటీజీ అనే పరీక్ష చేస్తారు. తాగిన మూడు రోజుల దాకా ఆనవాలు పట్టిస్తుంది. ద్రాక్షారిష్టం, అశోకారిష్టం లాంటివి పులియబెట్టి చేసేవి, వాటిలో ఆల్కహాల్ సహజంగానే ఉంటుంది. హోమియో చుక్కల మందుల సంగతీ అంతే. అమ్మ ప్రేమగా సూట్‌కేసులో సర్దిన సీసా కొడుకు కేసు ఫైల్లోకి ఎక్కకూడదంటే మందులన్నీ ముందే ఆఫీసర్‌కు రాసిచ్చి ఉండాలి. మౌత్‌వాష్ కూడా ఆల్కహాల్ లేనిదే వాడాలి. డీయూఐ కేసుల్లో, ఊపిరిలో మద్యం ఉంటే బండి స్టార్ట్ కాకుండా కారుకు బిగించే ఇంటర్‌లాక్‌లో ఊదే ముందు నోరు నీళ్లతో పుక్కిలించి కాసేపు ఆగాలి. దాన్ని తప్పించుకోవడానికి మీ కారు అరువివ్వకండి. ఇంటర్‌లాక్ లేని బండి నడపడమే ఉల్లంఘన. పరీక్షకు ముందు ఒళ్లు శుభ్రమవుతుందని మూడు లీటర్ల నీళ్లు తాగితే ‘పలుచబడ్డ నమూనా’ అని వస్తుంది. దాన్ని ఏదో దాస్తున్నాడన్నట్టే చూస్తారు.

గంజాయి విషయంలో మనవాళ్లకు ఉన్నంత భ్రమ దేనిలోనూ లేదు. న్యూజెర్సీలో, కాలిఫోర్నియాలో దుకాణాల్లో అమ్ముతున్నా ఫెడరల్ పర్యవేక్షణలో ఉన్నవాడికి అది నిషేధమే. రూమ్మేట్ ఫ్రిజ్‌లో పెట్టిన గంజాయి గమ్మీల (జెల్లీ మిఠాయిల) పొట్లం కూడా ఆఫీసర్ ఇంటికొచ్చినప్పుడు సమస్యే. రూమ్మేట్ బీరువాలో తుపాకీ ఉంటే మరీ. ఆఫీసర్ చెప్పకుండా కూడా రావచ్చు. తలుపు తీసిన అమ్మగారు భయంతో ‘బాబు లేడు’ అంటారు, బాబు పక్క గదిలోనే ఉంటాడు. ఆఫీసర్‌తో అబద్ధం చెప్పొద్దని, వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు ఈ ఒక్క విషయం ముందే చెప్పిపెట్టండి.

డబ్బు. నష్టపరిహారం కట్టాల్సిన వాడికి మీరు చందా పోగుచేసి ఇస్తే ఆ సంగతి అతను ఆఫీసర్‌కు చెప్పాలి. ఆర్థిక పరిస్థితి మారితే తెలపాలన్నది షరతు. నెలకు 200 డాలర్లు కట్టలేనన్నవాడి ఖాతా నుంచి ఊళ్లో స్థలానికని ఐదు వేలు వెళ్తే జడ్జి అడిగే మొదటి ప్రశ్న అదే. నిజంగానే లేనివాడిని మాత్రం లేనందుకే జైల్లో పెట్టకూడదని 1983లో బేర్డెన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కావాలని ఎగ్గొట్టాడా, చేతకాలేదా అని జడ్జి విచారించాలి. అందుకే ఏ నెలా సున్నా కట్టొద్దు. ఇరవై డాలర్లయినా కట్టి రసీదు దాచుకోమనండి. పని అనుమతి లేనివాడికి జాలిపడి రెస్టారెంట్‌లోనో గ్యాస్ స్టేషన్‌లోనో చేతికి నగదిచ్చే పని చూపించకండి. పని చేసే హక్కు లేదని ఆఫీసర్‌కు చెబితే 30 గంటల షరతు సడలించే వీలుంది.

ఇవేవీ పట్టకపోతే ఏమవుతుంది? చిన్నదైతే హెచ్చరికతోనో, అదనపు షరతుతోనో పోతుంది. ఆపైన ఆఫీసర్ కోర్టులో ఫిర్యాదు వేస్తాడు. జడ్జి సమన్లు గానీ వారంట్ గానీ ఇస్తాడు. ఇక్కడి నుంచి మామూలు కేసులా ఉండదు. జ్యూరీ ఉండదు. అనుమానానికి తావులేకుండా నిరూపించాల్సిన పని లేదు, జరగలేదనడం కంటే జరిగిందనడానికే మొగ్గు ఎక్కువ ఉందంటే చాలు. కొత్త కేసు కొట్టేసినా అదే సంఘటన ఉల్లంఘనగా నిలబడొచ్చు. బెయిలు కావాలంటే పారిపోననీ ఎవరికీ హాని చేయననీ గట్టి ఆధారాలతో నిరూపించుకోవాల్సింది అతనే. లాయర్ హక్కు ఉంది, స్తోమత లేకపోతే కోర్టే ఇస్తుంది. కస్టడీలో ఉంటే ముందు ప్రాథమిక విచారణ, తర్వాత అసలు విచారణ. ఫెడరల్ కోర్టులో తెలుగు దుభాషిని ఉచితంగా ఇస్తారు, అడగడానికి మొహమాటపడొద్దు. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా తడబడే చోటు ఇది. ‘వింటున్నాను’ అన్న అర్థంలో మనం ‘ఎస్ ఎస్’ అని తల ఊపుతాం. ఒప్పుకుంటావా, కాదంటావా అని అడిగే గదిలో ఆ ‘ఎస్’ను ఒప్పుకోలుగా రాసుకుంటారు.

డ్రగ్స్ దగ్గరున్నా, తుపాకీ దగ్గరున్నా, పరీక్షకు ఒప్పుకోకపోయినా, ఏడాదిలో మూడుసార్లకు మించి పరీక్షలో దొరికినా ఫెడరల్ చట్టం ప్రకారం ఆ పర్యవేక్షణను రద్దు చేసి జైలుకు పంపడం తప్పనిసరి. చికిత్స కార్యక్రమం ఆధారంగా మినహాయింపు అడిగే దారి పరీక్షలో దొరికినవాళ్లకు ఉంది. సూపర్‌వైజ్డ్ రిలీజ్ రద్దయితే ఒక్కో రద్దుకూ జైలు హద్దు అసలు నేరం తరగతిని బట్టి ఉంటుంది: ఎ తరగతి ఫెలనీకి (పెద్ద నేరానికి) 5 ఏళ్లు, బి తరగతికి 3, సి, డి తరగతులకు 2, మిగతావాటికి 1. మనవాళ్ల మీద వచ్చే వైర్ ఫ్రాడ్ (ఫోన్, ఇంటర్నెట్ లాంటి వాటి ద్వారా చేసే మోసం), వీసా ఫ్రాడ్ కేసులు సాధారణంగా సి తరగతిలోకి వస్తాయి. అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. మూడేళ్ల పర్యవేక్షణలో రెండున్నరేళ్లు బుద్ధిగా గడిపినా ఆ రెండున్నరేళ్లు జైలు లెక్కలో తగ్గించరు. జైలు అయ్యాక మళ్లీ పర్యవేక్షణ వేయొచ్చు. ఒక్క ఊరట ఉంది. పాత నేరానికి ఇంకా కక్ష తీరలేదన్న ఉద్దేశంతో రద్దు శిక్ష వేయకూడదని 2025 జూన్‌లో ఎస్టెరాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. లాయర్లకు ఇది గుర్తుచేయడం తప్పు కాదు.

రాష్ట్ర కేసుల్లో మనవాళ్లు బాగా మోసపోయే మాట టెక్సస్‌లో ‘డిఫర్డ్ అడ్జుడికేషన్’, అంటే దోషి అని తేల్చడాన్ని వాయిదా వేసి పర్యవేక్షణలో ఉంచడం. ‘శిక్షే లేదు, రికార్డులో ఉండదు’ అని సంబరపడతారు. మామూలు ప్రొబేషన్‌లో అయితే జైలు ఎన్నేళ్లో అప్పుడే రాసి పక్కన పెడతారు, రద్దయితే అంతకు మించదు. డిఫర్డ్‌లో ఆ అంకె రాయరు. రద్దయిన రోజు జడ్జి ఆ నేరానికి చట్టంలో ఉన్న మొత్తం పరిధిలో ఎంతైనా వేయొచ్చు. థర్డ్ డిగ్రీ ఫెలనీ అయితే 2 నుంచి 10 ఏళ్లు. ఇమిగ్రేషన్ చట్టమైతే నేరం ఒప్పుకుని డిఫర్డ్ తీసుకున్న రోజునే దాన్ని శిక్ష పడినట్టు లెక్కగట్టేస్తుంది. న్యూజెర్సీలో షాప్‌లిఫ్టింగ్ కుర్రాళ్లు వెళ్లే పీటీఐ (విచారణకు బదులు పర్యవేక్షణలో ఉంచే కార్యక్రమం) 36 నెలల దాకా ఉండొచ్చు. మధ్యలో తప్పితే కేసు మొదటికొస్తుంది.

పౌరులు కానివాళ్లకు ఇంకో అంకె ప్రాణాంతకం: 365. దొంగతనం, హింస కేసుల్లో శిక్ష ఏడాది, అంతకు మించి ఉంటే ఇమిగ్రేషన్ దృష్టిలో అది అతి తీవ్ర నేరాల కోవలోకి పోతుంది, జైలుకు నిజంగా వెళ్లకపోయినా. మొదట ప్రొబేషన్ ఇచ్చినప్పుడు లేని ఆ ఏడాది, రద్దు రోజున వచ్చి చేరొచ్చు. అందుకే తెలిసిన లాయర్లు 364 రోజుల కోసం పోట్లాడతారు. ఉల్లంఘన విచారణకు క్రిమినల్ లాయర్ ఒక్కడే చాలు అనుకోకండి.

వారంట్ ఉందని తెలిసిన రోజు ఏం చేయాలో కూడా మీ హెల్ప్‌లైన్ వాలంటీర్లకు రాసిపెట్టండి. దాక్కోవద్దు, ఆఫీసర్‌తో వాదించొద్దు, వాట్సాప్ మెసేజ్‌లు చెరపొద్దు. లాయర్‌తో కలిసి తనంత తాను లొంగిపోవాలి. బెయిలు అడిగేటప్పుడు అతని చేతిలో ఉండే పెద్ద ఆధారం అదే. వెళ్లేటప్పుడు జీతం స్లిప్పులు, రసీదులు, పరీక్షల కాగితాలు, అనుమతి మెయిళ్లు ఒక ఫైల్లో పెట్టి తీసుకెళ్లాలి. జైల్లోంచి బయటికి చేసే ఫోన్లు రికార్డవుతాయి, కేసు ముచ్చట తెలుగులో చెప్పినా తర్జుమా చేసేవాళ్లు ఉన్నారు.

మీ లెటర్‌హెడ్‌తో జరిగే మేలు కూడా ఉంది. ఫెడరల్ కేసులో ఏడాది సక్రమంగా గడిపాక మిగతా కాలం ఎత్తేయమని అడగొచ్చు, ప్రొబేషన్‌కూ సూపర్‌వైజ్డ్ రిలీజ్‌కూ ఈ వీలుంది. ఆ దరఖాస్తుకు సంఘం ఉత్తరం పనికొస్తుంది. ‘చాలా మంచివాడు, మంచి కుటుంబం’ అని పేజీ నింపితే జడ్జి పక్కన పెట్టేస్తాడు. ఎన్నాళ్లుగా తెలుసు, అతని కేసు ఏమిటో మీకు తెలుసా, ఏ నెల నుంచి ఏ నెల దాకా ఏ పని చేశాడు, ఎవరు చూశారు, ఇవి ఉంటే చదువుతాడు. రెండు పేరాలు చాలు. కేసు వివరం తెలియకుండా రాసిన ఉత్తరాన్ని ప్రాసిక్యూటర్ ఒకే ప్రశ్నతో తేల్చేస్తాడు. కాబట్టి రాసే ముందు అతన్ని కూర్చోబెట్టి జడ్జిమెంటు కాగితం తెమ్మనండి. షరతులన్నీ అందులోనే ఉంటాయి. మీకూ ఒక ప్రతి ఇవ్వడానికి అతను ఒప్పుకుంటే, రేపు మహాసభల టికెట్ కొనే ముందు అది తీసి చూడండి.

ఇట్లు,
కోర్టుల్లో దుభాషీలుగా, న్యాయ సహాయకులుగా పనిచేస్తున్న కొందరు తెలుగువాళ్లం